తొట్టె బాగానే ఉందని ఫోను చెప్పింది

పేరు, వీధి రాయవద్దన్న బరంపురం పాఠకుడొకరి ఉత్తరం ఇది. మొత్తం అచ్చువేస్తే ఈ పేజీ చాలదు కనుక సంగతులు నా మాటల్లో చెబుతాను.

ఆయనకు నలభై దాటాయి. తాతల నాటి నుంచి బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఉద్యోగం మాత్రం రాయగడ జిల్లా కొండల్లోని ఒక అల్యూమినా కర్మాగారంలో, కొలత పరికరాల పని చూసే ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో. అక్కడే క్వార్టర్స్. సెలవు దొరికినప్పుడు రాత్రి బండి పట్టుకుని ఇంటికి వస్తారు. బరంపురం ఇంట్లో తల్లి, భార్య, తొమ్మిదో తరగతి చదివే కూతురు ఉంటారు. భార్య సాయంత్రాలు హాల్లో పిల్లలను కూర్చోబెట్టి లెక్కలు చెబుతారు.

ఆ హాల్లోనే గోడ వారగా నాలుగడుగుల రీఫ్ తొట్టె, అంటే సముద్రపు చేపలు, పగడాలు పెంచే అక్వేరియం, ఉంది. కింద ఉన్న సంపుతో (నీటిని శుభ్రం చేసే రెండో తొట్టె) కలిపి 350 లీటర్ల ఉప్పునీరు, రెండు క్లౌన్ చేపలు, ఒక టాంగ్ చేప, లెదర్, మష్రూమ్ జాతుల మెత్తని పగడాలు. నీటి వేడి, పీహెచ్, ఉప్పదనం, ఓఆర్‌పీ (నీటి ఆక్సీకరణ శక్తి ఎంతో చెప్పే కొలత) అనే నాలుగింటినీ ఎప్పటికప్పుడు కొలిచే కంట్రోలర్ ఒకటి పెట్టించారు. ఆ అంకెలు ఇంటి వైఫై మీదుగా తయారీ కంపెనీ సర్వరుకు, అక్కడి నుంచి ఆయన ఫోనుకు చేరతాయి. ఏ అంకె హద్దు దాటినా ఫోను మోగుతుంది. మోగగానే ఆయన ఇంటికి ఫోన్ చేస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి మోగితే నాలుగింటికే చేస్తారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ కొంతసేపు లాగి చేతులెత్తేసింది. షిఫ్టులో ఉన్న ఈయన మధ్యమధ్య ఫోను తీసి చూసుకున్నారు. తెర మీద 26.1 డిగ్రీలు, పచ్చ రంగు. నిశ్చింతగా పని చేసుకున్నారు. రాత్రి కరెంటు వచ్చాక హెచ్చరికలన్నీ కుప్పగా వచ్చిపడ్డాయి. అప్పటికి నీటి వేడి 30 దాటింది, టాంగ్ చనిపోయింది, పెద్ద లెదర్ పగడం కుంగిపోయింది. క్లౌన్ చేపలు బతికాయి. ‘మా అమ్మాయి సాయంత్రమంతా చెంబుతో నీళ్లు తీసి పోస్తూ కూర్చుందట’ అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్లిపోయారు. ఆ రాత్రి ఫోనులో ఆయన అడిగిన ప్రశ్న: ‘ఇంత జరుగుతుంటే ఒక్కరైనా నాకు చెప్పలేదేమి?’ భార్య జవాబు: ‘మీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాం. అన్నీ మీ ఫోనులో కనిపిస్తాయన్నది మీరే కదా.’

ఆ తర్వాత ఈయన తొట్టె ఎదురుగా కెమెరా బిగించారు. భార్య దాని మీద తువాలు కప్పారు. రాత్రి పది దాటాక చేపల సంగతైతే ఫోన్ ఎత్తనని చెప్పేశారు. తల్లి కూడా ఒక మాట అన్నారట: ‘చేపలకు ఒళ్లు వెచ్చబడితే నీకు ఫోను మోగుతుంది. నా మోకాళ్లకు కూడా ఒక వైరు తగిలించరా.’

ఆయన అడిగేవి మూడు. ఇంతకంటే మంచి కంట్రోలర్ కొంటే ఇలాంటిది మళ్లీ జరగకుండా ఉంటుందా? ఇంట్లో వాళ్లకు దీని విలువ తెలిసేలా ఎలా చెప్పాలి? లేక ఇవన్నీ ఎందుకని తొట్టె అమ్మేయాలా?

మీ భార్య అన్న మాటతోనే మొదలుపెడతాను. మీ ఉత్తరం మొత్తంలో సాంకేతికంగా అన్నిటికంటే సరైన మాట అదే. ఈ ఏర్పాటు ఏమి చేస్తుందని మీరు చెప్పారో అది నిజంగానే చేస్తుందని ఆమె నమ్మారు. మీరూ నమ్మారు. ఇద్దరూ ఒకే పొరపాటు సమాచారం మీద ఆధారపడ్డారు, తిట్లు మాత్రం ఒకరికే పడ్డాయి.

ఆ మధ్యాహ్నం మీ తెర మీద కనిపించిన 26.1 అప్పటి వేడి కాదు. ఇన్వర్టర్ ఆగేలోపు కంట్రోలర్ చివరిగా పంపిన అంకె. ఆ తర్వాత రూటరూ లేదు, కంట్రోలరూ లేదు. సర్వరు దగ్గర కొత్త అంకె లేదు కనుక పాత అంకెనే పచ్చ రంగులో చూపిస్తూ కూర్చుంది. అంకె పక్కన చిన్న అక్షరాల్లో సమయం ఉండే ఉంటుంది. షిఫ్టు మధ్యలో ఒక క్షణం తీసి చూసే ఫోనులో దాన్ని ఎవరు చదువుతారు? హద్దు దాటితేనే మోగే ఏర్పాటుకు హద్దు దాటిందని చెప్పేవాడే లేకుండా పోయాడు. అందుకే మోగలేదు.

ఇది మీకు నేను చెప్పవలసిన పాఠం కాదు. మీ కర్మాగారంలో కొలతలను పంపే ట్రాన్స్‌మిటర్ల సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీఆంపులు. సున్నా విలువకు సున్నా కరెంటు పెట్టకుండా 4 ఎందుకు పెట్టారో మీరు కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. తీగ తెగితే 0 వస్తుంది. విలువ సున్నా అయితే 4 వస్తుంది. రెండూ వేరని ఒక్క చూపులో తెలియాలి. మీ తొట్టెకు ఆ తేడా లేదు. అంతా బాగున్నప్పుడూ నిశ్శబ్దమే, అంతా పోయినప్పుడూ నిశ్శబ్దమే. మరింత ఖరీదైన కంట్రోలర్ కొన్నా, ఇది మార్చకపోతే వచ్చే మే నెలలో మరింత స్పష్టమైన తెర మీద అదే పచ్చ రంగు చూస్తారు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: కొత్తది కొనకండి, ఇంకా. ముందు ఇప్పుడున్న కంట్రోలర్ సెట్టింగులు విప్పి, ‘ఇన్ని నిమిషాలు కబురు లేకపోతే హెచ్చరించు’ అన్న ఎంపిక కోసం వెతకండి. ఇంటర్నెట్‌కు కలిసే కంట్రోలర్లలో చాలావాటికి ఆ వసతి ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. దాన్ని పంపేది సర్వరు కనుక మీ ఇంట్లో అంతా ఆరిపోయినా అది పనిచేస్తుంది. మీ దానిలో ఆ వసతి లేకపోతే రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి పెట్టి, ఐదు నిమిషాలకోసారి ‘ఉన్నాను’ అని బయటి సేవ ఒకదానికి చెప్పించండి. అది ఆగిపోగానే మీకు కబురు పంపే ఉచిత సేవలు ఉన్నాయి. రాస్‌ప్‌బెర్రీ పై మీద నడిచే రీఫ్-పై అనే ఓపెన్ సోర్సు కంట్రోలర్ కూడా ఉంది. మీ వృత్తివాళ్లకు దాన్ని అమర్చుకోవడం కష్టం కాదు. కానీ దాన్ని బాగుచేయగలిగేది మీరొక్కరే అవుతారు. మీరు కొండల్లో ఉంటారు. అది ఆలోచించుకోండి.

ఇంకో దారి కూడా ఉంది. పొలంలో బోరు మోటారుకు రైతులు పెట్టుకునే మొబైల్ స్టార్టర్ మీకు తెలుసు. సిమ్ కార్డుతో పనిచేసే కరెంటు అలారాలు ఆ కోవలోవే. లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోగానే మీ నంబరుకు ఫోన్ వస్తుంది. వైఫైతో దానికి పని లేదు. రూటరుకు చిన్న యూపీఎస్ పెట్టినంత మాత్రాన ఇంటర్నెట్ నిలవదు. వీధి చివర కేబుల్ వాళ్ల పెట్టెకు కూడా కరెంటు కావాలి కదా. అందుకని ఈ రెండో దారి ఒకటి ఉండటం మంచిది. మీ వైపు కూడా చూసుకోండి. ఫోను బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు ఆ యాప్‌ను వెనకాల చంపేస్తుందేమో, కొండల మధ్య సిగ్నల్ లేని చోట ఎంతసేపు ఉంటున్నారో.

ఇప్పుడు రెండో సంగతి. మోగని రోజు గురించి ఇంత బాధపడ్డారు. మోగిన రోజుల మాటేమిటి?

మీరు పెట్టుకున్న హద్దులు ఉత్తరంలో రాశారు కనుక ఒక్కొక్కటే చూశాను. వేడి హద్దు 25.5 నుంచి 26.5. నీటిని చల్లబరిచే మీ ఛిల్లర్ ఒక డిగ్రీ తేడాతో ఆన్, ఆఫ్ అవుతుందని మీరే రాశారు. అంటే ఛిల్లర్ తన పని తాను సక్రమంగా చేస్తున్నా మీ ఫోను మోగుతుంది. పీహెచ్ కింది హద్దు 8.1. లైట్లు ఆరాక పగడాల్లోని నాచు ఆహారం తయారుచేయడం ఆపేస్తుంది. తొట్టెలో ప్రాణులన్నీ మాత్రం ఊపిరి పీలుస్తూనే ఉంటాయి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, పీహెచ్ తగ్గుతుంది. తెల్లవారేసరికి 0.2, 0.3 తగ్గడం ఆరోగ్యంగా ఉన్న తొట్టెలో కూడా రోజూ జరిగేదే. దాని కోసం మీరు మీ ఆవిడను నాలుగింటికి లేపి ‘ఒకసారి చూడు’ అన్నారు. ఆమె లేచి చూశారు. చూసి ఏమి చేయాలి? రాత్రిని పగలు చేయాలా?

సాయంత్రం ఏడు ప్రాంతంలో పీహెచ్ ఇంకోసారి పడుతోందని, ట్యూషన్ పిల్లలు నీళ్లలో ఏమైనా వేస్తున్నారేమోనని మీకు అనుమానం. వేయడం లేదు. ఏసీ కోసం కిటికీలు మూసిన హాల్లో పది పదిహేనుమంది పిల్లలు రెండు గంటలు కూర్చుంటే గదిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. నీటిలోని మురికిని నురగగా తీసే మీ స్కిమ్మర్ ఆ గాలినే పీల్చి నీళ్లలో కలుపుతుంది. ఒక కిటికీ తెరిచి చూడండి, లేదా స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి తీయండి. మీ గ్రాఫ్ సరిగ్గానే చెప్పింది. చదవడంలోనే తేడా వచ్చింది.

1994 జులై 24న వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడు జరిగింది. దాని మీద విచారణ నివేదిక మీ వృత్తిలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. పేలుడుకు ముందు ఆఖరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. ఆ మోతలో అసలైనది ఏదో వాళ్లకు తేలలేదు. ఆ తరవాత అలారాలు ఎలా ఉండాలో చెబుతూ బ్రిటన్‌లో ఈఈఎంయూఏ 191 మార్గదర్శకం, అమెరికాలో ఐఎస్‌ఏ 18.2 ప్రమాణం వచ్చాయి. రెండింటి సారం ఒకటే: ఆపరేటరు వెంటనే చేయవలసిన పని ఏదైనా ఉంటేనే అది అలారం. లేకపోతే అది చిట్టాలోకి పోవలసిన సమాచారం. మీ కర్మాగారంలో ఎవరైనా ఓఆర్‌పీకి అర్ధరాత్రి అలారం పెట్టి, ఏమి చేయాలో చెప్పకుండా కంట్రోల్ రూములో వాళ్లను నిద్రలేపితే మీరు ఒప్పుకుంటారా?

మరి ఇంట్లో ఆపరేటరు ఎవరు? మీరు కారు. మీరు చూసేవారు. వాల్వు తిప్పేది, ప్లగ్గు పీకేది, తడి గుడ్డ తెచ్చేది మీ భార్య. ఆ ఉద్యోగానికి ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె ఒప్పుకోనూ లేదు. పది దాటాక ఫోన్ ఎత్తనన్నది చేపల మీద కోపంతో అని మీరు రాశారు. నాకు అది చాలా ఓపికపట్టిన మనిషి వేసుకున్న షిఫ్టు వేళలాగా కనిపిస్తోంది.

నా సలహా, ఫోన్ మోగించేవి నాలుగే ఉంచండి. వేడి 28.5 దాటి ఇరవై నిమిషాలు అలాగే ఉంటే. 23 కంటే పడిపోతే. నేల మీద నీళ్లు పడితే. కరెంటో కబురో ఆగిపోతే. పీహెచ్, ఓఆర్‌పీ గ్రాఫుల్లోనే ఉండనివ్వండి, తీరికగా చూసుకోవచ్చు. ఉప్పదనం కొలిచే ప్రోబ్ మీద గాలి బుడగ అంటుకున్నా అంకె తగ్గిపోతుంది. దాన్ని సెలవుకు వచ్చినప్పుడు ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరుతో సరిచూసుకుంటే చాలు, వెయ్యికి 35 పాళ్ల దగ్గర ఉందా లేదా అని. పీహెచ్ ప్రోబ్ కొని ఎన్నాళ్లయిందో కూడా చూడండి. ఏడాది, ఏడాదిన్నర దాటితే అది చెప్పే మాట మీద పెద్దగా నమ్మకం పెట్టుకోనక్కరలేదు.

చేపలను కాపాడటం సంగతికి వస్తే, హెచ్చరిక ఎంత బాగా అందినా రాయగడ నుంచి మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఇల్లు తనంతట తాను చేయాలి. ఆ రోజు టాంగ్‌ను చంపింది వేడి అనుకుంటున్నారు. కొన్ని గంటలు 30 డిగ్రీల్లో ఉన్నంత మాత్రాన చేప చచ్చిపోవడం అరుదు. 26 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు ఆరున్నర మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పడుతుంది, 30కి వెళ్లినా ఆరుకు పైనే. తేడా అంత ఎక్కువేమీ కాదు. దెబ్బ కొట్టింది నీళ్లు కదలకపోవడం. పైపొర కదిలితేనే గాలిలోని ఆక్సిజన్ నీటిలోకి దిగుతుంది. వేవ్‌మేకర్లు, రిటర్న్ పంపు (సంపు నుంచి నీటిని పైకి తోడేది) ఆగాక అది ఆగిపోయింది. టాంగ్‌లకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, అందుకే ముందు అది పోయింది.

ఇప్పుడు మీరు ఒక్క ముక్కలో దాటేసిన ఆ చెంబు దగ్గరికి వస్తాను. తొట్టెలోంచి నీళ్లు ముంచి, చెయ్యెత్తి, పై నుంచి ధారగా వదిలితే ప్రతి ధారా కొంత గాలిని లోపలికి లాక్కుపోతుంది. పైపొర చెదురుతుంది. కరెంటు లేని ఇంట్లో అంతకంటే సరైన చికిత్స లేదు. ఆ చేపలకు కావలసింది చల్లదనం కాదు, గాలి అని ఎవరూ చెప్పకుండానే మీ అమ్మాయికి తట్టింది. మే నెల ఉక్కలో, ఫ్యాను లేని హాల్లో, సాయంత్రమంతా చెంబెత్తి పోసింది. మీ క్లౌన్ చేపలు బతికి ఉన్నాయంటే అదే కారణం. రాత్రి మీరు ఫోన్ చేసి ‘ఒక్కరైనా చెప్పలేదేమి’ అన్నప్పుడు ఆ పిల్ల కూడా పక్కనే ఉండి ఉంటుంది.

ఆ అమ్మాయినే మీరు ఇంకోసారి గ్రాఫ్ పంపి నిలదీశారు. మధ్యాహ్నం రెండు దాటాక ఓఆర్‌పీ ఒక్కసారిగా పడింది, తొట్టెలో చెయ్యి పెట్టింది ఎవరు అని. పడిపోయిన పగడపు ముక్కను లేపి నిలబెట్టానని చెప్పిందట. చెయ్యి పెడితే ఓఆర్‌పీ పడటం మామూలే, కాసేపటికి లేస్తుంది. మీరు గ్రాఫును సాక్ష్యంగా వాడారు. ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏమి చేశారో రాయగడలో కూర్చుని చెప్పగల తండ్రి అయ్యారు. ఆ తర్వాత కెమెరా వచ్చింది. మీ ఆవిడ తువాలు కప్పింది చేపల మీదకు కాదు.

కెమెరా తీసేయండి. ఈ ఉత్తరం మీద నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. ఆ హాల్లో ఇతరుల పిల్లలు వచ్చి కూర్చుంటారు, వాళ్ల అమ్మానాన్నలను మీరు అడగలేదు. మీ అమ్మగారు మధ్యాహ్నం అక్కడే నడుం వాలుస్తారు. తొట్టెను చూడాలంటే కింది అల్మారాలో సంపు నీటిమట్టం మీదకు తిరిగేలా ఒకటి పెట్టుకోవచ్చు. తలుపు వేస్తే దానికి హాలు కనిపించదు. నిజానికి అదీ అక్కరలేదు. కంట్రోలర్ పాస్‌వర్డు కొన్ననాటిదే అయితే అది కూడా మార్చండి.

ఇక మీ ముందున్న దారులు.

తొట్టెను ఉంచుకోవడం మొదటిది. దీనికి కావలసింది రెండో కంట్రోలర్ కాదు, కరెంటు పోయినప్పుడు ఏది ఆగాలో ఏది నడవాలో ముందే తేల్చడం. మీ ఇన్వర్టర్ బ్యాటరీ 150 ఆంపియర్ అవర్. ఇంటి ఫ్యాన్లు, తొట్టె లైట్లు, ఛిల్లర్, స్కిమ్మర్, పంపులు అన్నీ దాని మీదే ఉంటే ఎండాకాలం రెండు మూడు గంటల్లో చేతులెత్తేస్తుంది. కరెంటు పోగానే లైట్లు, ఛిల్లర్, స్కిమ్మర్ వాటంతట అవే ఆగేలా కంట్రోలర్‌లో రాయండి. లోడ్ షెడ్డింగ్ మీకు చేతనైన పనే. నీటిని కదిపే ఒక్క వేవ్‌మేకరును మాత్రం ఇన్వర్టర్ నుంచి విడదీసి దాని సొంత బ్యాటరీ మీద పెట్టండి. పది వాట్ల డీసీ వేవ్‌మేకరును 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ చిన్న బ్యాటరీ ఆరు గంటలదాకా నడుపుతుంది, పెద్దది పెడితే రోజంతా. దానికి తోడు కరెంటు పోగానే తనంతట తాను మొదలయ్యే గాలి పంపు ఒకటి. ఇవన్నీ కలిపినా కొత్త కంట్రోలర్ ధరలో చిన్న భాగమే అవుతుంది.

దీని పర్యవసానం కూడా చెప్పాలి. ఆ బ్యాటరీలు ముసలివవుతాయి. ఆరు నెలలకోసారి చూసుకోకపోతే అవసరమైన రోజే పనిచేయవు. మీ సెలవుల్లో కొంత వీటికే పోతుంది. ఇంకోటి, మీది గంజాం తీరం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటినా మీ జిల్లాను వదల్లేదు. అలాంటప్పుడు కరెంటు రోజుల తరబడి రాదు, సెల్ టవర్లు కూడా పడుకుంటాయి. మీరు ఎన్ని అలారాలు పెట్టుకున్నా ఆ రోజుల్లో మీకు అందేది ఏమీ ఉండదు. ఇంట్లో వాళ్లకు అప్పుడు ఇంటి పైకప్పు, తాగునీరు, ముసలావిడ మందులు ముఖ్యం. తుపాను వేళ తొట్టె పోతే పోతుందని ఇప్పుడే, మీ నోటితో మీరే వాళ్లకు చెప్పాలి. చెప్పలేనంటే ఈ దారి మీకు కాదు.

తగ్గించుకోవడం రెండోది. ఇక్కడ చాలామంది చేసేది చిన్న తొట్టెకు మారడం. వద్దు. నీరు తక్కువైతే వేడి తొందరగా ఎక్కుతుంది, ఉప్పదనం తొందరగా మారుతుంది, మీ ఫోను ఇంకా ఎక్కువ మోగుతుంది. నీటిని అలాగే ఉంచి ప్రాణులను తగ్గించండి. టాంగ్‌ను మళ్లీ వేయకండి. నాలుగడుగుల తొట్టె ఆ చేప ఈదడానికి ఎలాగూ ఇరుకే. రెండు క్లౌన్ చేపలు, మష్రూమ్ పగడాలు చాలు. ఆక్సిజన్ ఖర్చు తగ్గితే కరెంటు పోయిన గంటల్లో మీకు దొరికే వ్యవధి పెరుగుతుంది. చూడటానికి కొంత బోసిగా ఉంటుంది. మీకు అది నచ్చదని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది.

అమ్మేయడమో, ఎవరికైనా ఇవ్వడమో మూడోది. ఇందులో ఓటమి ఏమీ లేదు. బరంపురానికి బదిలీ వచ్చాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. కానీ కోపంలో అమ్మకండి. ‘మీ వల్లే అమ్మేశాను’ అని అనకుండా అమ్మగలిగితేనే అమ్మండి. లేకపోతే తొట్టె పోయినా ఆ గోడ వారగా అది ఎప్పటికీ ఉండిపోతుంది. మీ అమ్మాయిని అడగకుండా మాత్రం అమ్మవద్దు. ఒక చట్టం సంగతి కూడా: గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్లు కూడా. మీవి మెత్తని జాతులన్నారు కనుక ఇబ్బంది ఉండకపోవచ్చు. అయినా కొన్నప్పటి బిల్లులు ఉంటే వెతికి పెట్టుకోండి, ఇకముందు మన తీరంలో పట్టినదని ఎవరైనా గట్టి పగడం చూపిస్తే దాని జోలికి పోకండి.

మీరు అడగని దారి ఇంకొకటి ఉంది. తొట్టెను మీ అమ్మాయికి అప్పగించడం. అప్పగించడమంటే పనులు పురమాయించడం కాదు. హద్దులు ఎంత ఉండాలో ఆ పిల్ల నిర్ణయిస్తుంది, ఏ పగడం ఎక్కడ ఉండాలో ఆ పిల్ల చెబుతుంది, మీరు సెలవుకు వచ్చినప్పుడు ప్రోబ్‌లు సరిచేసి, బ్యాటరీలు మార్చి, అడిగితే సలహా చెబుతారు. రాత్రి తొమ్మిది తర్వాత ఆమె ఫోనుకు ఏ హెచ్చరికా వెళ్లకూడదు. వచ్చే ఏడాది పదో తరగతి కనుక పరీక్షల నెలల్లో బాధ్యత మళ్లీ మీదే. ఏదైనా చనిపోతే ఎందుకని అడగవచ్చు, ఎవరివల్ల అని అడగకూడదు. ఆమె వద్దంటే వద్దన్నట్టే. తండ్రి వ్యాపకం తనకూ ఉండి తీరాలని లేదు. చెంబు పట్టుకున్న పిల్ల కాదంటుందని నాకు అనిపించదు, కానీ మీ ఇంట్లో పిల్ల మీకు తెలుస్తుంది.

మీ రెండో ప్రశ్న మిగిలింది, ఇంట్లో వాళ్లకు దీని విలువ తెలిసేలా ఎలా చెప్పాలని. చెప్పకండి. ఆమెకు విలువ తెలియకపోతే ఇన్నాళ్లు నాలుగింటికి లేచేవారు కారు. ఈసారి వెళ్లినప్పుడు గ్రాఫులు, స్క్రీన్‌షాట్లు లేకుండా కూర్చుని ఒకటే అడగండి: కరెంటు పోయినప్పుడు ఒక్క స్విచ్ వేయడం నీకు వీలవుతుందా, ఏ వేళల్లో వీలవుతుంది, ఏ వేళల్లో కాదు? ఆమె ఏ వేళలు చెబితే అవే ఖాయం. ‘ఏ వేళా వీలు కాదు’ అన్నా అదీ జవాబే. అప్పుడు తొట్టె పూర్తిగా తనంతట తాను నడిచేలా చేయాలి, లేదా రెండో, మూడో దారికి రావాలి. ఆమె సరేనంటే తొట్టె పక్కన తెలుగులో నాలుగు లైన్ల కాగితం అంటించండి, ఏ స్విచ్ వేయాలో, ఏది ముట్టుకోనక్కరలేదో. అక్షరాలు మీ అమ్మగారికి కూడా కళ్లద్దాలు లేకుండా కనిపించేంత పెద్దవిగా ఉండాలి.

ఏ దారి ఎంచుకున్నా, ఉంచుకునేటట్టయితే ఒక పని చేసి తీరాలి. మీరు ఇంట్లో ఉన్న ఒక ఆదివారం తొట్టె కనెక్షన్‌ను, రూటరును కలిపి మెయిన్ దగ్గరే ఆపేయండి. ఆపి ఏ పరికరాన్నీ ముట్టుకోకుండా కూర్చోండి. ఎన్ని నిమిషాలకు మీ ఫోను మోగింది? మోగిందా అసలు? వేవ్‌మేకర్ తిరుగుతోందా? ఛిల్లర్ ఆగిందా? పంపు ఆగాక పైనుంచి వెనక్కు కారే నీరు సంపులో పట్టిందా, అంచు దాటి పొర్లిందా? గంట తర్వాత కరెంటు ఇచ్చి, అన్నీ సరైన వరుసలో లేచాయో లేదో చూడండి. కర్మాగారంలో ప్రమాదం రాగానే యంత్రాన్ని ఆపే ఏ ఇంటర్‌లాక్‌నూ పరీక్షించకుండా మీరు సంతకం పెట్టరు కదా. ట్యూషన్ లేని పూట చూసుకోండి. ఇంటి మెయిన్ మొత్తం ఆపవలసి వస్తే ముందురోజే మీ అమ్మగారికి చెప్పండి. ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి ఉంటుంది.